వేరు తెగని పుట్టగొడుగులు

మా మేనత్త దగ్గర ఒక చట్టం ఉంది. పుట్టగొడుగులు ఎవరు ఏరుకొస్తే వాళ్లే ముందు తినాలి. తిని, పొద్దు గూకేదాకా అందరి కళ్ల ముందూ తిరుగుతూ ఉండాలి. కడుపులో తిప్పకుండా, కళ్లు బైర్లు కమ్మకుండా ఉంటే అప్పుడు మిగతావాళ్లకు వడ్డన. ఇది ఇంట్లో అందరికీ వర్తించేది. తన వరకు మాత్రం ఆమె ఇంకో మెలిక పెట్టుకుంది. వేరేవాళ్లు ఏరినవి, వాళ్లు తిని నిక్షేపంగా ఎదురుగా నిలబడినా సరే, ఆమె ముట్టదు. తన చేత్తో ఏరినవే తింటుంది.

షుగరు వల్ల రెండు కళ్లూ పోయాక ఆమెకు ఏరడం పోయింది. ఏరడంతోపాటు తినడమూ పోయింది. వానకాలంలో ఉరిమినప్పుడల్లా మా క్వార్టరు అరుగు మీద కూర్చుని ముక్కు పైకెత్తి గాలి పీల్చేది, అంతే. అంత ఇష్టమైన తిండిని అంత మొండిగా మానుకోవడం నాకు మింగుడుపడలేదు. నేను ఏరినవి ఆమె తినాలి, ఎట్లాగైనా తినాలి అని నేనూ పంతం పట్టాను. మొండితనం మా వంశంలో ఆడామగా తేడా లేకుండా ఉంది. ఆ పంతం తీరడానికి నాకు రెండు వానకాలాలు, రెండు సెలైన్ సీసాలు పట్టాయి.

నేను గోదావరిఖనిలో బొగ్గుబాయిలో సర్దార్‌ను. షిఫ్టు మొదలయ్యేటప్పుడు అందరికంటే ముందు పని జాగాలోకి వెళ్లి, పైకప్పును కర్రతో తట్టి, చెవి పెట్టి వినడం నా డ్యూటీ. రాయి ఖంగుమంటే మంచిది. డొల్లగా పలికితే మనుషుల్ని అటు పోనివ్వను. పద్దెనిమిదేళ్లు తట్టీ తట్టీ నాకు అదొక జబ్బయింది. పుచ్చకాయను తడతాను, కుండను తడతాను, కొత్తగా సున్నం వేసిన గోడను తడతాను. పెళ్లిచూపులనాడు నన్ను తట్టి చూడలేదు, అదే పదివేలు అంటుంది నా భార్య. ఆమె అంగన్‌వాడీ టీచరు, మాటకు మాట అప్పజెప్పనిదే ఊరుకోదు. ఏది ఏమైనా, లోకంలో ప్రతిదానికీ ఒక పరీక్ష ఉంటుందనీ, ఆ పరీక్షేదో తెలిస్తే చాలనీ అప్పట్లో నా గట్టి నమ్మకం.

అత్తకు పిల్లలు లేరు. మామ శ్రీరాంపూర్ గనుల్లో బొగ్గు నింపీ నింపీ రిటైరై, ఆ తరువాత ఎక్కువ రోజులు బతకలేదు. రామగిరి పక్కన ఉన్న వాళ్ల ఊరు పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టు గని కింద పోయింది. ఊరు ఖాళీ చేసిన రోజు రెండు ట్రంకుపెట్టెలు, ఒక రోకలి పట్టుకుని మా క్వార్టరుకు వచ్చింది. రోకలి ఎందుకత్తా, మిక్సీ ఉంది గదా అంటే, మిక్సీ కరెంటు పోతే ఏం జేస్తది అని అడిగింది. అప్పటికి ఆమెకు చూపు మసకగా ఉండేది. ఆ ఏడాది గడిచేసరికి అదీ పోయింది.

మొదటి వానకాలంలో ఒకరోజు నేను రాత్రి షిఫ్టు దిగి పొద్దున ఇంటికొస్తున్నాను. చౌరస్తాలో పల్లెల నుంచి వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు మోదుగాకుల్లో పుట్టగొడుగులు పోసుకుని కూర్చున్నారు. అత్త గుర్తొచ్చి ఒక కుప్ప కొన్నాను. గేటు తీస్తుండగానే ఆమెకు వాసన తెలిసిపోయింది. మొహం విప్పారింది. దగ్గరికి రమ్మని, ఆకు విప్పి ముక్కు దగ్గర పెట్టుకుని, చాలాసేపటికి అడిగింది.

"ఎవలేరిన్రు?"

ఎవరో, రామగిరి దిక్కు మనుషులట అన్నాను. ఆకు మూసి నా చేతిలో పెట్టేసింది. ఏరినవాళ్లు తిన్నారో లేదో తెలియని కూర పొయ్యి ఎక్కడానికి వీల్లేదంది. నాకు ఒళ్లు మండింది. రాత్రంతా బాయిలో నిలబడి, నిద్ర కళ్లతో ప్రేమగా తెస్తే ఇదా మర్యాద అని గొణిగాను. ఆమె చెవులు కళ్ల పని కూడా చేస్తాయి కదా, గొణుగుడంతా విన్నది. పక్కన కూర్చోమని, ఆ చట్టం ఎక్కడ పుట్టిందో అప్పుడు చెప్పింది.

ఆమెకు ఎనిమిదేళ్లు. వాళ్లక్కకు పద్నాలుగు. ఒక పొద్దున అక్క పశువులు మేసే కంచెలోకి వెళ్లి కొంగు నిండా పుట్టగొడుగులు ఏరుకొచ్చింది. కూర వండింది. అంతలో నాటు వేసేవాళ్లు బయల్దేరుతున్నారని కేక వినబడితే, తాను తినకుండానే వాళ్లతో పొలానికి పోయింది. ఇంట్లో ఉన్నవాళ్లంతా తిన్నారు. మరునాటి పొద్దున వాంతులు పట్టుకున్నాయి. అత్త, వాళ్లమ్మ, నాన్న ఎట్లాగో గట్టెక్కారు. మూడో రోజుకు వాళ్ల తాత పోయాడు. మా నాయిన అప్పటికి చంకలో పిల్లాడు, కూర తినే వయసు కాదు. వండిన పిల్లకు మాత్రం ఏమీ కాలేదు, ఆమె తినలేదు గనుక.

ఆ అక్కను ఎవరూ ఒక్క మాట అనలేదట. అనకపోవడమే ఆమెకు భారమైందేమో. పెళ్లయి అత్తగారింటికి పోయినా, ఏ కూర వండినా, చివరికి పప్పుచారైనా సరే, ముందు తాను ఒక ముద్ద తిని, కాసేపు ఆగి, అప్పుడే ఇంటివాళ్లకు పెట్టేది. మొగుడి కంటే ముందు తింటుందని అక్కడ ఆమెకు తిండిపోతు అని పేరు పెట్టారు. ఆమె చచ్చేదాకా ఆ పేరు మోసింది గానీ ఎందుకు తింటుందో చెప్పుకోలేదు. ఇది చెప్పి అత్త కొంగుతో ముక్కు తుడుచుకుంది. నాకు కోపం ఎక్కడికి పోయిందో తెలియదు. ఆ పుట్టగొడుగుల పొట్లం తీసుకెళ్లి పెరట్లో గుంత తీసి పూడ్చాను.

కానీ నా బుర్ర ఊరుకోదు కదా. మరి మంచిదేదో చెడ్డదేదో తెలుసుకునే ఉపాయం ఉండాలి. అడగందే అమ్మయినా పెట్టదంటారు. బాయిలో దొరికిన ప్రతివాడినీ అడిగాను. మా బాయిలో నూటికి తొంభై మంది పల్లెల నుంచి వచ్చినవాళ్లే, ఒక్కొక్కడికి ఒక్కో పరీక్ష తెలుసు. పసుపు వేసి ఉడికిస్తే విషం ఉన్నది నల్లబడుతుందని ఒకతను. వెండి వస్తువు వేస్తే వెండి నల్లబడుతుందని ఇంకొకతను. వెల్లుల్లి నీలంగా మారుతుందని ఒకరు. చీమలు పట్టిన గొడుగు మంచిదనీ, చీమలకున్న తెలివి మనిషికి లేదనీ మా వర్క్‌షాపులో వెల్డింగు చేసే సాయిబు. అన్నీ గుర్తుపెట్టుకుని వచ్చి అత్తకు అప్పజెప్పాను. ఆమె పడీ పడీ నవ్వింది.

"దానికి పరీక్ష లేదు అల్లుడా. పరిచయమే. మనిషిని పసుపేసి ఉడకబెట్టి ఎర్కజేసుకుంటమా?"

మాట బాగానే ఉంది గానీ నాకు ఎక్కలేదు. పరీక్ష లేని పని ఎట్లా ఉంటుంది? కళ్లు లేని మనిషి, వయసు మీద పడ్డ మనిషి, ఏదో పాతకాలపు మాట అంటుందనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

వారం తిరక్కుండానే నాకు అవకాశం వచ్చింది. ఓపెన్‌కాస్టులో బొగ్గు మీదున్న మట్టిని తవ్వి తెచ్చి గుట్టలుగా పోస్తారు. పాతబడ్డ గుట్టల మీద చెట్లు పెంచారు. బండి మీద అటు పోతుంటే కానుగ చెట్ల కింద, గడ్డిలో, తెల్లగా గొడుగులు కనబడ్డాయి. ఒకటా రెండా, జాతరలా లేచాయి. ఒక్కోటి అరచేయంత. నాకు చేతులు ఆగలేదు. జేబులో ఉన్న చాకు తీసి, మట్టి అంటకుండా, నేలకు ఒక వేలు పైన చక్కగా కోశాను. అంత శుభ్రంగా ఏరినవాణ్ని నేనే అని మురిసిపోయాను. ఆ గుట్ట కిందే అత్త వాళ్ల ఊరుందని, ఆ మట్టి బాయి లోతుల్లోంచి వచ్చిన మట్టి తప్ప పుట్టమట్టి కాదని నాకు తట్టనే లేదు. అన్నీ తట్టి చూసేవాడికి అదొక్కటి తట్టలేదు.

ఇంటికొచ్చి పరీక్షలు మొదలుపెట్టాను. పసుపు వేసి ఉడికించాను, పచ్చగా బంగారంలా ఉంది. వెండి కావాలని భార్యను కాలి మట్టెలు అడిగితే కళ్లెర్రజేసింది. దేవుడి దగ్గరి వెండి కుంకుమ భరిణె వేశాను, తళతళలాడుతూ బయటికొచ్చింది. వెల్లుల్లి తెల్లగానే ఉంది. గట్టు మీద పెట్టిన ముక్కకు చీమలు వరుస కట్టాయి. నాలుగు పరీక్షలూ పాసయ్యాయి. అత్త చట్టం ప్రకారం ముందు నేనే ఒక గిన్నె కూర అన్నంలో కలుపుకుని తిన్నాను. సాయంత్రం దాకా ఆగి ఆమెకు చెబుదాం, ఆశ్చర్యపోతుంది అనుకున్నాను.

రెండు గంటలైనా కాకముందే కడుపులో ఎవరో తాడు మెలేసినట్టయింది. ఆ తరువాతి సంగతి వివరంగా చెప్పను, అన్నం తినేవాళ్లు కూడా చదువుతారు. గోడకు చారగిలబడి కూర్చుంటే అత్త తడుముకుంటూ వచ్చి, నా వీపు రాస్తూ, మిగిలినవి ఇటియ్యమంది. వంటగట్టు మీద వండకుండా మిగిలినవి నాలుగున్నాయి. నా భార్య తిట్టుకుంటూనే తెచ్చిచ్చింది. అత్త ఒక గొడుగు చేతిలోకి తీసుకుని కాడ చివర వేలు పెట్టి ఆగిపోయింది.

"వేర్లేవిరా?"

కోశానని చెప్పాను. ఆమె గొడుగు పక్కన పెట్టేసింది. ఆటో పిలవమని నా భార్యకు చెప్పింది.

దవాఖానలో డాక్టరు రెండు సీసాలు ఎక్కించి తిట్టడం మొదలుపెట్టాడు. ఇవి గంటల్లోనే బయటపడే రకం కాబట్టి వాంతులతో పోయింది. కొన్ని రకాలు మరునాటి దాకా నోరు విప్పవు, విప్పేసరికి లోపల కాలేయం పాడైపోతుంది. పసుపూ వెండీ వెల్లుల్లీ వాటి ముందు ఎందుకూ పనికిరావు, విషపు గొడుగును చీమలూ పురుగులూ హాయిగా తింటాయి అన్నాడు. ఇంటికొచ్చి చూస్తే పేపరు మీద ఉంచిన గొడుగుల కింది రేకులు పాచి పట్టినట్టు ఆకుపచ్చగా మారి ఉన్నాయి. కోసినప్పుడు అవి తెల్లగానే ఉన్నాయి. నీరసంలో కూడా నాకు ఆసక్తి ఆగలేదు, వాటిని తిప్పి తిప్పి చూశాను. నా భార్య మాత్రం ఆ రోజే తీర్పు చెప్పేసింది: ఈ జన్మలో తన వంటింట్లోకి గొడుగనేది రావడానికి వీల్లేదు, వానకు పట్టేదైనా సరే బయటే ఉండాలి.

రెండు రోజుల తరువాత అత్త దగ్గర కూర్చుని, డాక్టరు మాట చెప్పి, నా అనుమానం బయటపెట్టాను. కొన్ని విషాలు మరునాడు గానీ తెలియవంటే, పొద్దు గూకేదాకా ఆగే నీ చట్టం కూడా తప్పే కదా అన్నాను. గెలిచాననుకున్నాను. ఆమె తొణకలేదు. తమ తాతకు కూడా తెల్లవారాకే మొదలైందనీ, ఆ సంగతి తనకు తెలియకేం అనీ అంది. మరి ఎందుకు పెట్టావు ఈ చట్టం అని అడిగాను.

"గొడుగును చూసేతందుకు గాదురా. ఏరెటోన్ని చూసేతందుకు. ముందుగాల నేనే తినాలె అని భయముంటెనే సక్కగ ఏరుతడు."

ఇన్నాళ్లూ ఆ చట్టాన్ని నేను కర్రతో పైకప్పు తట్టడం లాంటిదనుకున్నాను. మా బాయిలో కూడా సర్దార్‌ను అందరికంటే ముందు ఎందుకు పంపుతారో, పద్దెనిమిదేళ్ల తరువాత ఇంకో రకంగా అర్థమైంది. నాకు నేర్పమని అడిగాను. నువ్వు తినేదాకా నేర్పు అన్నాను. నేర్పుత గని తినుడు మాత్రం చెప్పలేనంది. అయినా ఆ ఆదివారం తనే ముందుగా ముఖం కడుక్కుని, బండి తియ్యమంది.

ఊరుతోపాటు ఆమె ఎరిగిన పుట్టలన్నీ మట్టి గుట్టల కింద పోయాయి. ఒక్కటి మిగిలి ఉండాలంది, రామగిరి గుట్ట దిక్కు, మోదుగు చెట్ల కంచెలో. దారి చెప్పమంటే లేని వాటిని చెప్పేది. మైసమ్మ గద్దె దాటినంక ఎడమకు అనేది. గద్దె ఎప్పుడో పోయింది. ఈతవనం పక్క నుంచి అనేది. ఈతవనం లేదు. చివరికి బండి ఆపి, నా భుజం మీద చెయ్యేసి, చెప్పులు విడిచి నడిచింది. కాళ్ల కింద గరుకు రాళ్లు తగిలితే ఇటు అనేది, ఎర్రమట్టి మెత్తగా తగిలితే అటు అనేది. గుడ్డిదాని వెంట నడుస్తున్న కళ్లున్నవాణ్ని చూసి ఒక మేకల కాపరి నిలబడిపోయాడు. గంట తిరిగాక ఆమె ఆగి, ఇక్కడ పుట్ట ఉండాలె చూడమంది. నాకేమీ కనబడలేదు. పుట్ట అంటే మనిషెత్తు ఉంటుందని నా లెక్క. అది పాతబడి, వానలకు కరిగి, నేలకు జానెడు ఎత్తులో చదునుగా పొదల కింద పడుకుని ఉంది.

ఆ వానకాలమంతా ఆమె నన్ను ఒక్కటీ ఏరనివ్వలేదు. వెళ్లేవాళ్లం, చూసేవాళ్లం, వచ్చేవాళ్లం. ఆదివారం రోజున డ్యూటీ ఎక్కువ చేసే అవకాశం మానుకుని, కంచెలో బోర్లా పడుకుని మట్టిని చూసే మొగుణ్ని చూసి నా భార్య నెత్తి కొట్టుకునేది. నేను బాయిలో రాసే రిపోర్టులాగే ఒక నోటుబుక్కులో రాసేవాణ్ని: ఎప్పుడు ఉరిమింది, ఎన్ని రోజులకు మట్టి పగిలింది, చెదలు బయట తిరుగుతున్నాయా లేదా. ఉరిమితే గొడుగు లేస్తుందని అత్త అంటే నేను నమ్మలేదు. ఉరుముకు లేస్తుందో, ఉరుము వెంట వచ్చే వానకు లేస్తుందో ఇప్పటికీ నాకు తెలియదు. వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికెరుక అని ఆమె కొట్టిపారేసేది.

ఒకసారి మాత్రం తనే కూర్చుని, మట్టి మీద అరచెయ్యి ఆనించి, వేళ్లతో పగులు వెతికి పట్టుకుంది. లేత గొడుగు ముందు నేలను కాస్త పైకి లేపుతుంది, దాని నెత్తిన గట్టిగా మొన ఉంటుంది, ఆ మొనతోనే మట్టిని చీల్చుకుని వస్తుంది. నా వేలు పట్టుకుని ఆ మొనకు తగిలించింది. తరువాత కాడ చుట్టూ మట్టి తీసుకుంటూ, తీసుకుంటూ పోయింది. కాడ కిందికి సన్నగా వేరులా సాగుతూనే ఉంది. జానెడు అయింది, మూరెడు అయింది. పైలం, తెగనియ్యకు అంటూ నా చేత గుంజించింది. అది మెల్లగా మొత్తం వచ్చేసింది. నేను కోసిన వాటి కింద ఏముందో చూడాలని అదే రోజు వెనక్కి వచ్చి మట్టి గుట్ట ఎక్కాను. అక్కడ ఒకదాన్ని పెకిలిస్తే కాడ కింద ఉల్లిగడ్డలా ఉబ్బి ఉంది, వేరు లేనే లేదు. కాడకు మెడలో ఉంగరంలాంటి పట్టీ కూడా ఉంది, పైకీ కిందికీ జరుగుతుంది. నా చక్కని చాకుతో, తెలుసుకోవలసినదాన్ని నేలలోనే వదిలేసి వచ్చాను మొన్న.

ఆ వేరు ఎక్కడికి పోతుంది? ఇదొక పురుగు పట్టింది నా బుర్రకు. గడ్డపార వేసి తవ్వుదామంటే అత్త తన్నినంత పని చేసింది. మా కాలనీలో జంతుశాస్త్రం చెప్పే లెక్చరరు ఒకాయన ఉన్నాడు, ఆయన్ను పట్టుకున్నాను. చెదలు నేల కింద గదులు కట్టి, కట్టెపొట్టు నమిలి తెచ్చి, దాని మీద ఈ బూజును పెంచుకుని తింటాయట. అది వాటి పంట. మనం తినేది ఆ పంటకు పైన పూసిన పువ్వట. నాకు ఆ రోజు డ్యూటీలో మనసు నిలవలేదు. నేను నేల కింద నడుస్తున్నాను, ఎక్కడో ఇంకో నేల కింద అవీ షిఫ్టుల్లో నడుస్తున్నాయి. ఇంటికొచ్చి అత్తకు గొప్పగా చెప్పాను. గందుకే చెదలు సచ్చిన పుట్ట మీద లెవ్వయి, గందుకే సగం ఇడిశిపెట్టాలె అని, ఎప్పుడో తెలిసిన సంగతికి నేను కారణం మోసుకొచ్చినట్టు తలూపింది.

రెండో వానకాలం వచ్చింది. అత్తకు మోకాళ్లు వాచి, బండి ఎక్కలేని స్థితికి వచ్చింది. పుష్యమి కార్తెలో ఒక సాయంత్రం గట్టిగా ఉరిమింది. మూడు రోజులు ముసురు పట్టింది. నాలుగో రోజు పొద్దున ఆమె అరుగు మీద నుంచే, ఇయ్యాల పోయి చూడు అంది. ఒంటరిగా వెళ్లాను. పుట్ట మీద, పుట్ట చుట్టూ మట్టి పగుళ్లిచ్చి, తెల్లని మొనలు బయటపడి ఉన్నాయి. నా గుండె ఎంత కొట్టుకుందంటే, మొదటిసారి బాయిలో దిగిన రోజు కూడా అంత కొట్టుకోలేదు. ఒక్కొక్కదాన్ని మట్టి తీసి, వేరుతో సహా గుంజాను. పదిహేను ఏరి, మిగతా సగం వదిలేశాను.

ఇంటికి తెచ్చి మోదుగాకులు అత్త ఒళ్లో పరిచాను. ఆమె ఒక్కోటి తీసుకుని నెత్తి మీది మొన తడిమింది, కాడ తడిమింది, వేరు చివర దాకా వేళ్లు జరిపింది. పదిహేనూ అయ్యేసరికి నాకు చెమట పట్టింది. ఇంక లెవ్వా అని అడిగింది. పుట్టకు బారెడు దూరంలో గడ్డిలో ఇంకో మూడు ఉన్నాయనీ, చూడటానికి ఇట్లాగే ఉన్నా అవేవో నాకు తెలియలేదనీ, వాటిని ముట్టకుండా వచ్చాననీ చెప్పాను. ఊ అంది. అంతే.

నా భార్య అంగన్‌వాడీకి పోయింది. ఉన్నా వంటింట్లోకి రానివ్వదు. పెరట్లో మూడు రాళ్లు పెట్టి పొయ్యి వెలిగించాను. అత్త పక్కన పీట వేసుకుని కూర్చుని చెబుతుంటే వేర్ల పైపొర గీకి, గొడుగుల్ని పసుపు నీళ్లలో కడిగి, కత్తి పెట్టకుండా చేత్తో చీల్చాను. ఈ పసుపు పరీక్షకు కాదు, మట్టి వాసన పోవడానికి. ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి వేగాక అల్లంవెల్లుల్లి, కారం, ధనియాల పొడి, ఆఖర్న గొడుగులు. నీళ్లు పోయొద్దంది, వాటి నీళ్లు అవే విడుస్తాయి. చాలాసేపు ఉడకనిచ్చాం. కోడికూర వాసనా కాదు, మట్టి వాసనా కాదు, ఆ రెంటికీ మధ్యలో ఏదో. గిన్నె దించి ఆమె పక్కన పెట్టి, తినడానికి పళ్లెం తేవడానికి లోపలికి వెళ్లాను. ముందు నేను తినాలి, రేపు పొద్దున దాకా ఆగాలి అని లెక్క వేసుకుంటున్నాను.

పళ్లెం పట్టుకుని వచ్చేసరికి అత్త తింటోంది. గిన్నెలో చెయ్యి పెట్టి, వేడికి ఊదుకుంటూ, కళ్లు మూసుకుని నములుతోంది. పొద్దుటి జొన్నరొట్టె ముక్క ఇంకో చేతిలో ఉంది. నేను తినలేదు, నేను ఇంకా తినలేదత్తా అన్నాను. ఆమె వినలేదో, విననట్టు ఉందో, ఇంకో ముక్క తీసుకుంది. గడ్డం మీద నూనె కారుతోంది. అంత ఆనందంగా తినే మనిషి చెయ్యి పట్టుకుని ఆపడం నాకు చేతకాలేదు. తృప్తిగా తిని, చెయ్యి కడుక్కుని, లోపలికి వెళ్లి చాప మీద పడుకుంది.

కూర ఇంకా సగం ఉంది. నేను తినలేదు. బాయిలో మాకొక అలవాటుంది: అనుమానం ఉన్న జాగాలోకి ఒకడు పోతే, రెండోవాడు బయటే ఉంటాడు. ఇద్దరూ పోతే లాగడానికి ఎవరుంటారు? ఆమెకు ఏదైనా అయితే దవాఖానకు తీసుకుపోవడానికి నేను బాగుండాలి కదా. బండి తాళం జేబులో పెట్టుకుని, చాప పక్కన గోడకు ఆనుకుని, ఆమె ఊపిరి చూస్తూ కూర్చున్నాను. వేరు ఉంది, మొన ఉంది, పుట్ట అదే పుట్ట అని నాకు నేను చెప్పుకున్నాను. అత్త వాళ్ల తాత కథ గుర్తొచ్చింది. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగు జరిగి కిటికీ అద్దాలు గలగలమన్నాయి, ఆమె కదిలితే నేను లేచి నిలబడ్డాను. పక్కకు తిరిగి పడుకుంది. మొదటి షిఫ్టు దిగినవాళ్ల బండ్లు వీధిలోకి వచ్చాయి. ఎంత భయపడ్డానో ఇప్పుడు చెప్పినా నమ్మరు.

ఐదు దాటాక లేచి కూర్చుంది. జుట్టు ముడి వేసుకుంటూ, నేను పక్కనే ఉన్నానని ఊపిరి చప్పుడుకే తెలుసుకుని అడిగింది.

"కూర ఇంక మిగిలిందా?"

మిగిలిందన్నాను.

"నువ్వు తిన్నవా?"

ఆమె చేత్తో తడిమి నా మోకాలు పట్టుకుంది, జేబులో తాళం గుచ్చుకుని ఉన్నచోట వేళ్లు ఆగాయి. ఏరినవాడు తినకుండా కూర్చోవడమంటే ఏమిటో ఈ ఇంట్లో ఆమె కంటే ఎవరికి తెలుసు? వాళ్లక్క చేసిందే నేనూ చేశానని నాకు అప్పుడు తట్టింది. బాయిలో ఒకడు బయట ఉండాలి కదా అత్తా అంటూ ఏదో నసిగాను. నేను తినకముందే నువ్వెందుకు తిన్నావని ఎదురు అడిగాను.

"తెల్వని మూడు ఇడిశిపెట్టి వచ్చిన అన్నవు జూడు. గప్పుడే నీకు ఎర్కైందని నాకు ఎర్కైంది. నీకే ఇంక ఎర్కగాలే."

డాక్టరు లెక్క ప్రకారం ఇంకా రాత్రి గడవాలి, తెల్లవారాలి. ఆ సంగతి నేను మరిచిపోలేదు. లేచి పెరట్లోకి వెళ్లాను. కూర చల్లారి, పైన నూనె తేలి ఉంది. గిన్నె తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టాను. ఆమె చెయ్యి చాపబోయి, ఆపుకుంది. ఈసారి ముందు నేను తిన్నాను.